గ్రాఫ్‌లో చివరి రెండు చుక్కలు

పేరు రాయవద్దని కోరుతూ ఒక పరిశోధక విద్యార్థిని ఐదు పేజీల ఉత్తరం పంపారు. ప్రోటీన్లలోని డైసల్ఫైడ్ బంధాలను (రెండు సల్ఫర్ పరమాణువుల మధ్య ఉండే బంధాలను) ఫ్రీ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కణాలు) ఏం చేస్తాయన్నది ఆమె పీహెచ్‌డీ అంశం. ఇది మూడో సంవత్సరం. కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసిన లైసోజైమ్ అనే ఎంజైమ్‌ను 50 మైక్రోమోలార్ గాఢతలో ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో) కరిగించి, చిన్న గాజు సీసాల్లో నింపి, మూతలు గట్టిగా బిగించి, కోబాల్ట్-60 గామా కిరణాలకు గురిచేస్తున్నారు. ఆ యంత్రం వేరే భవనంలో ఉన్నందువల్ల సీసాలు తిరిగి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. రాత్రంతా వాటిని ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు ఉదయం ఎల్మన్ రీయేజెంట్‌తో థయాల్ గుంపులను (డైసల్ఫైడ్ తెగినప్పుడు మిగలగల సల్ఫర్-హైడ్రోజన్ గుంపులను) కొలుస్తారు.

ఫలితాలు ఆమె మాటల్లోనే చెప్పాలంటే "ఒక దానితో ఒకటి పొసగవు". గాలి ఉన్న సీసాల్లో 100 నుంచి 700 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలమానం) వరకు థయాల్ దాదాపు సున్నా. 1000 గ్రేల దగ్గర 4 మైక్రోమోలార్, 1500 దగ్గర 15 మైక్రోమోలార్ కనిపించాయి. నైట్రోజన్ పంపి గాలిని తరిమేసి, టెర్షరీ బ్యూటనాల్ కలిపిన సీసాలో మాత్రం 400 గ్రేలకే 20 మైక్రోమోలార్ వచ్చింది. ఎంజైమ్ క్రియాశీలత అన్ని సీసాల్లోనూ ఎంతో కొంత తగ్గింది. గైడు గారు ఇవి చూసి, "డైసల్ఫైడ్ బంధం తాళం లాంటిదమ్మా, రాడికల్స్ ముందు ట్రిప్టోఫాన్ అమైనో ఆమ్లం మీద పడతాయి, దీని జోలికి రావు. పదేళ్ళ కిందట ఇదే ల్యాబులో చేశాం, ఒక్క బంధమూ తెగలేదు" అన్నారట. ఆ పాత నోటుబుక్కు తీసి చూస్తే అక్కడ వాడింది 50 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్, గాలి ఉన్న సీసాలు. ల్యాబులో సీనియర్ ఒకరు, "చివరి రెండు చుక్కలు తీసెయ్యి, గ్రాఫ్ శుభ్రంగా ఉంటుంది, ఆయనా సంతోషిస్తారు" అని సలహా ఇచ్చారు. ప్రగతి నివేదిక ఇవ్వడానికి మూడు వారాల గడువుంది. గైడు తప్పని ఎలా చెప్పాలి, చెప్పకుండా ఎలా ఉండాలి, అసలు తనకే కొలవడం చేతకావడం లేదా, ఈ అంశాన్ని వదిలేసి వేరేది తీసుకోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని లెక్క వేసుకుంటూ చదివాను. మీకు చేతకాకపోవడం అన్న మాట ముందు పక్కన పెట్టండి. సీసా మూత ఎంత బిగించారో, ఎన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచారో, పాత నోటుబుక్కులో ఏ బఫర్ రాసి ఉందో గుర్తుపెట్టుకుని రాసిన మనిషికి కొలవడం రాదని నేను అనుకోలేను. నాకు కనబడినంతవరకు మీ సీసాలో జరిగింది నిజం, మీ గైడు గారి సీసాలో పదేళ్ళ కిందట ఏమీ జరగకపోవడమూ నిజమే. ఇద్దరూ వేర్వేరు రాడికల్స్ గురించి మాట్లాడుతూ ఒకే రాడికల్ గురించి వాదిస్తున్నామని అనుకుంటున్నారు. చిక్కుముడి అక్కడుంది.

నీటిలో కరిగిన ప్రోటీన్ మీద గామా కిరణాలు పడినప్పుడు ఆ శక్తిలో దాదాపు అంతా నీరే తీసుకుంటుంది. ఒక జౌల్ శక్తికి సుమారు 0.28 మైక్రోమోల్ హైడ్రాక్సిల్ రాడికల్స్, అంతే పరిమాణంలో నీటి అణువులు చుట్టుకున్న ఎలక్ట్రాన్లు, 0.06 మైక్రోమోల్ హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. వీటిలో హైడ్రాక్సిల్ ఎలక్ట్రాన్‌ను లాక్కునే రకం, రెండోది తానే ఎలక్ట్రాన్. స్వభావంలో ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. వీటన్నిటినీ కలిపి "ఫ్రీ రాడికల్స్" అని ఒకే మాటతో పిలవడం వల్ల ఎన్ని ల్యాబుల్లో ఎన్ని వాదనలు పుట్టాయో లెక్కలేదు.

డైసల్ఫైడ్ బంధం ఇచ్చిపుచ్చుకోవడంలో రెండు చేతులూ చాచే రకం. ముందు పుచ్చుకునే వైపు చూద్దాం. నీటిలోని ఎలక్ట్రాన్‌కు ప్రోటీన్‌లో అత్యంత ఇష్టమైన చోట్లలో ఈ బంధం ఒకటి. సిస్టీన్ జంటతో (డైసల్ఫైడ్‌తో ముడిపడిన రెండు సల్ఫర్ అమైనో ఆమ్లాలతో) దాని రేటు స్థిరాంకం, అంటే చర్య వేగానికి కొలత, సెకనుకు, మోలార్‌కు 10¹⁰ స్థాయిలో ఉంటుంది. ట్రిప్టోఫాన్, టైరోసిన్‌లతో అది అంతకంటే పదుల రెట్లు తక్కువ. ఎలక్ట్రాన్ వేరే చోట దిగినా, ప్రోటీన్ గొలుసు వెంట కదిలి చివరికి సల్ఫర్ల దగ్గరికి చేరగలదు. చేరాక రెండు సల్ఫర్ల మధ్య ఉన్న జంట ఎలక్ట్రాన్లకు మూడోది తోడై, బంధం సాగి సడలుతుంది. దాన్నే డైసల్ఫైడ్ రాడికల్ ఆనయాన్ అంటారు. 420 నానోమీటర్ల పరిసరాల్లో అది కాంతిని పీల్చుకుంటుంది. ఎల్మన్ పరీక్షలో మనం చూసే 412కి ఇది దగ్గరగా ఉండటం కేవలం కాకతాళీయం, రెంటినీ కలపకండి, ఇది సెకనులో చాలా చిన్న భాగం మాత్రమే బతుకుతుంది. ఆ సడలిన బంధం ఒక పక్క థయోలేట్‌గా (రుణావేశం ఉన్న సల్ఫర్), ఇంకో పక్క థయిల్ రాడికల్‌గా (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న సల్ఫర్) విడిపోతుంది. థయోలేట్ ప్రోటాన్‌ను తీసుకుంటే మీరు మర్నాడు కొలిచిన థయాల్ అదే.

అయితే ఆ దారిలో ఆక్సిజన్ నిలబడి ఉంటే కథ మారిపోతుంది. ఒకటి, ఆక్సిజన్ ముందే ఎలక్ట్రాన్‌ను ఎగరేసుకుపోయి సూపర్ ఆక్సైడ్ అవుతుంది. రెండు, ఎలక్ట్రాన్ అప్పటికే డైసల్ఫైడ్‌ను చేరినా, ఆ సడలిన బంధం నుంచి దాన్ని ఆక్సిజన్ లాక్కుని బంధాన్ని మళ్ళీ యథాస్థితికి తెస్తుంది. సూపర్ ఆక్సైడ్‌కు మామూలు డైసల్ఫైడ్ బంధం మీద చెప్పుకోదగ్గ ఆసక్తి లేదు. కాబట్టి గాలి ఉన్న మీ సీసాల్లో తక్కువ డోసుల దగ్గర థయాల్ కనబడకపోవడం, నైట్రోజన్ పంపిన సీసాలో కనబడటం ఒకదానికొకటి విరుద్ధం కావు. టెర్షరీ బ్యూటనాల్ హైడ్రాక్సిల్‌ను పట్టేసుకుంది, నైట్రోజన్ ఆక్సిజన్‌ను తరిమేసింది, మిగిలిన ఎలక్ట్రాన్ తన పని తాను చేసుకుంది.

ఇక ఇచ్చే వైపు. హైడ్రాక్సిల్ రాడికల్ సల్ఫర్ మీద వచ్చి కూర్చోవచ్చు, లేదా దాని నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగేసి డైసల్ఫైడ్ రాడికల్ కేటయాన్‌ను మిగల్చవచ్చు. సల్ఫర్ మీద కూర్చున్న సందర్భంలో బంధం ఒక పక్క సల్ఫెనిక్ ఆమ్లంగా, మరో పక్క థయిల్ రాడికల్‌గా చీలుతుంది. ఆక్సిజన్ అందుబాటులో ఉంటే అవి సల్ఫినిక్, సల్ఫోనిక్ ఆమ్లాల దాకా పోగలవు. గమనించండి, ఈ దారిలో బంధం తెగింది, కానీ నేరుగా థయాల్ పుట్టలేదు. ఎల్మన్ రీయేజెంట్‌కు సల్ఫోనిక్ ఆమ్లం కనబడదు. అందుకే "థయాల్ లేదు కాబట్టి బంధం తెగలేదు" అన్న వాక్యం మీ గైడు గారు అన్నా, మీరు మీ ఉత్తరం నాలుగో పేజీలో అన్నా, నిలవదు.

మీ గైడు గారి మాటలో నిజం కూడా ఇక్కడే ఉంది. హైడ్రాక్సిల్ విషయంలో ఆయన చెప్పింది చాలావరకు సరైనదే. ట్రిప్టోఫాన్, టైరోసిన్‌లతో దాని రేటు స్థిరాంకం 10¹⁰ను దాటుతుంది, సిస్టీన్ జంటతో సుమారు 2×10⁹. లైసోజైమ్‌లో ఆరు ట్రిప్టోఫాన్లున్నాయి, వాటిలో కొన్ని క్రియాశీల స్థానం అంచునే ఉంటాయి. అందువల్ల గాలి సీసాలో క్రియాశీలత తగ్గడానికి డైసల్ఫైడ్ తెగడమే కారణమని మీరు రాసిన వాక్యాన్ని నేనైతే నివేదికలోకి రానివ్వను. అది మీ లెక్కలు మోయలేని బరువు. ఎలక్ట్రాన్ విషయంలో మాత్రం తాళం ఉపమానం పనికిరాదు. పాఠ్యపుస్తకాల్లో ఈ తాళం, గొలుసు, కుట్టు అన్న ఉపమానాలు డైసల్ఫైడ్ ప్రోటీన్ ఆకారాన్ని నిలబెడుతుందని చెప్పడానికి పుట్టినవి, రసాయనికంగా అది మొద్దుబారి ఉంటుందని చెప్పడానికి కాదు. స్ఫటికాల మీద ఎక్స్ కిరణాలతో పనిచేసేవారికి ఇది బాగా తెలుసు. సింక్రోట్రాన్ కిరణాల్లో, 100 కెల్విన్ చలిలో ఉంచిన స్ఫటికంలో కూడా, ప్రోటీన్ నిర్మాణంలో ముందుగా దెబ్బతినే చోట్లలో డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి, వాటి తర్వాతనే ఆస్పార్టేట్, గ్లుటామేట్‌ల కార్బాక్సిల్ గుంపులు రాలడం మొదలవుతుంది. 2000వ సంవత్సరం నుంచి వెలువడిన వ్యాసాలు దీన్ని ఎన్నో స్ఫటికాల్లో చూపాయి. ఆ చలిలో హైడ్రాక్సిల్ రాడికల్ కదలలేదు, ఎలక్ట్రాన్ కదలగలదు. తెగడానికి ఎవరు కారణమో ఊహించడానికి అది చాలు.

ఇప్పుడు ఆ పాత నోటుబుక్కుకు వద్దాం, ఎందుకంటే మీ సమస్యకు తాళంచెవి అక్కడే ఉందని నా అనుమానం. ట్రిస్ హైడ్రాక్సిల్ రాడికల్‌ను సుమారు 10⁹ రేటుతో పట్టుకుంటుంది. దాని గాఢత 50 మిల్లీమోలార్ అంటే సెకనుకు 5×10⁷ పట్టివేతలు. లైసోజైమ్ అణువు మొత్తంగా 5×10¹⁰ దగ్గర పట్టుకుంటుందని తీసుకున్నా, 50 మైక్రోమోలార్‌కు అది 2.5×10⁶ మాత్రమే. అంటే పుట్టిన ప్రతి ఇరవై ఒక్క హైడ్రాక్సిల్స్‌లో ఇరవై ట్రిస్‌కు పోగా, ప్రోటీన్‌ను చేరేది ఒక్కటి. ఎలక్ట్రాన్ల సంగతి గాలిలోని ఆక్సిజన్ చూసుకుంది. ఆయన సీసాలో డైసల్ఫైడ్ బంధాలను తాకడానికి రాడికల్ అంటూ దాదాపు ఏదీ మిగల్లేదు. ఆయన సరిగ్గానే కొలిచారు, చాలా సరిగ్గా కొలిచారు. ఆ కొలతకు ఇచ్చిన అర్థం మాత్రం ఆ సీసా గోడలు దాటి బయటికి వచ్చింది. మీరు ఫాస్ఫేట్ వాడారు, అది హైడ్రాక్సిల్‌ను పెద్దగా పట్టించుకోదు. ఇంత తేడా ఒక బఫర్ పేరులో దాగి ఉందని మీ ఇద్దరిలో ఎవరూ గమనించకపోవడంలో ఆశ్చర్యం లేదు. నోటుబుక్కుల్లో బఫర్ పేరు ఎప్పుడూ మొదటి వరసలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ మళ్ళీ చదవరు.

ఇక సీనియర్ తీసెయ్యమన్న ఆ రెండు చుక్కలు. నాకు మీ గ్రాఫ్‌లో అన్నిటికంటే ముచ్చటగా కనబడినవి అవే. గాలితో సంతృప్తమైన నీటిలో 25 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ సుమారు 250 మైక్రోమోలార్ ఉంటుంది. మీరు మూత బిగించారు, సీసా నిండా పోశారు, పైన గాలి ఖాళీ లేదని కూడా రాశారు. 1000 గ్రేల దగ్గర ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ పరమాణువులు కలిపి 340 మైక్రోమోలార్ పుడతాయి. అవన్నీ ఆక్సిజన్‌ను పట్టుకుని సూపర్ ఆక్సైడ్ అయ్యాయనుకుందాం. రెండు సూపర్ ఆక్సైడ్‌లు కలిసినప్పుడు ఒక హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి ఒక ఆక్సిజన్ వెనక్కి వస్తుంది కాబట్టి నికర ఖర్చు 170. హైడ్రాక్సిల్స్ 280 మైక్రోమోలార్, అవి ప్రోటీన్ మీద కార్బన్ రాడికల్స్‌ను పుట్టిస్తే అవి కూడా ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. మూడోవంతు అలా ఖర్చయినా 90 పైచిలుకు. మొత్తం 260 దాటింది. అంటే 1000 గ్రేల చుట్టుపక్కల మీ సీసాలో ఆక్సిజన్ అయిపోయింది, అక్కడి నుంచి మూత బిగించిన గాలి సీసా కాస్తా నైట్రోజన్ సీసా లాగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. 700 దగ్గర ఇదే లెక్క వేస్తే 185 దగ్గర ఆగుతుంది, ఇంకా ఆక్సిజన్ మిగిలే ఉంది, థయాల్ లేదు. ఇది చేతి లెక్క, ఒకటి రెండు ఊహల మీద నిలబడింది, కానీ మీ చుక్కలు సరిగ్గా ఎక్కడ లేచాయో అక్కడే లేవమంటోంది.

మీ నివేదికను ఎవరైనా కఠినంగా ప్రశ్నిస్తే ఎక్కడ దొరికిపోతారో కూడా చెప్పాలి కదా. మొదటిది ఆ ఫ్రిజ్ రాత్రి. గాలి సీసాలో రేడియేషన్ ముగిశాక కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్ వందల మైక్రోమోలార్‌లో మిగిలి ఉంటుంది. రాత్రంతా అది థయాల్స్‌ను నెమ్మదిగా తినేస్తుంది, ఉదయం ఎల్మన్ పసుపు రంగును కూడా కొంత తినగలదు. సీసా తెరిచిన వెంటనే పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్ కెటలేజ్ రవ్వంత వేస్తే ఈ అనుమానం పోతుంది. రెండోది, మీరు ఎల్మన్ పరీక్షను ప్రోటీన్ మడతలు విప్పకుండానే చేశారు. లోపల దాగిన థయాల్‌ను రీయేజెంట్ చేరలేదు. మడతలు విప్పే 6 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌లో కొలవండి, అప్పుడు 14,150 బదులు 13,700 శోషణ గుణకం వాడటం మర్చిపోకండి. మూడోది, స్వేచ్ఛగా ఉన్న థయోలేట్ పక్క డైసల్ఫైడ్‌తో జత మార్చుకుంటుంది, పీహెచ్ 8 దగ్గర మరీ చురుగ్గా. ఏ బంధం తెగిందో తెలుసుకోవాలనుకుంటే, నమూనాను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని పీహెచ్ 7 లోపు ఎన్-ఇథైల్ మాలిమైడ్‌తో అక్కడికక్కడే మూసేయాలి. ఆ భాగం ఎల్మన్‌కు పనికిరాదు గాని, మాస్ స్పెక్ట్రోమెట్రీకి పనికొస్తుంది, మూసిన ప్రతి థయాల్ 125 డాల్టన్ల బరువు పెంచుకుని తన చోటు తానే చెబుతుంది. మూయకుండా చూస్తే తెగిన బంధానికి పెరిగేది 2 డాల్టన్లు, 14,300 డాల్టన్ల అణువులో దాన్ని వెతకడం కళ్ళు కాయలు కాసే పని.

మీ 20 మైక్రోమోలార్ అంకెకు అర్థం కూడా కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. లైసోజైమ్‌లో 129 అమైనో ఆమ్లాలు, ఎనిమిది సిస్టీన్లు, ఆ ఎనిమిదీ నాలుగు బంధాల్లో జతకట్టి ఉన్నాయి, స్వేచ్ఛగా ఉన్నది ఒక్కటీ లేదు. మీరు ఈ ప్రోటీన్‌ను ఎంచుకోవడం వల్లనే సున్నా నుంచి మొదలుపెట్టగలిగారు. సీరమ్ ఆల్బుమిన్ తీసుకుని ఉంటే 34వ స్థానంలోని ఒంటరి సిస్టీన్ మొదటి రోజు నుంచే తలనొప్పి తెచ్చేది. 50 మైక్రోమోలార్ లైసోజైమ్ అంటే 200 మైక్రోమోలార్ బంధాలు. తెగిన బంధం నుంచి ఒక థయాల్ ఖాయం, రెండో పక్కనున్న థయిల్ రాడికల్ హైడ్రోజన్ దొరికితే థయాల్ అవుతుంది, దొరకకపోతే ఇంకో దారి పడుతుంది. కాబట్టి 20 థయాల్స్ అంటే తెగినవి 10 నుంచి 20 బంధాలు, మొత్తంలో 5 నుంచి 10 శాతం. థయాల్ మిగల్చకుండా తెగినవి వేరే. నివేదికలో "కనీసం 5 శాతం" అని రాయండి, "10 శాతం తెగాయి" అని రాయకండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు సంగతికి. మీ ముందు ఉన్న దారులు నాకు కనబడినంతవరకు ఇవి, ఏది ఎంచుకోవాలో మీ ల్యాబు వాతావరణం మీకే బాగా తెలుసు కాబట్టి మీరే తేల్చుకోవాలి.

చుక్కలు తీసేసి, గ్రాఫ్‌ను 700 దగ్గర ఆపి, అక్కడిదాకానే చేశానన్నట్టు ఇవ్వడం సీనియర్ చూపిన దారి. గడువు దాటదు, ఎవరూ అడగకపోవచ్చు. కానీ యంత్రం దగ్గర రిజిస్టరులో 1000, 1500 గ్రేల నమోదు ఉంటుంది, మీ నోటుబుక్కులో కొలతలున్నాయి. రెండేళ్ళ తర్వాత వ్యాసం సమీక్షకు వెళ్ళినప్పుడు ముడి లెక్కలు అడిగితే మీ దగ్గర చెప్పడానికి మాట ఉండదు, అప్పటికి సీనియర్ ఆ ల్యాబులో ఉండరు. అంతకంటే, ఆ చుక్కలే మీ పరిశోధనలోని అసలు విషయం. వాటిని తీసేస్తే మిగిలే గ్రాఫ్ మీ గైడు గారి పాత మాటనే మళ్ళీ చెబుతుంది, తప్పుగా. దీనికీ, "ఈ నివేదిక ఆక్సిజన్ మిగిలి ఉన్న 700 గ్రేల వరకే పరిమితం, అంతకు మించిన డోసుల్లో వేరే ప్రవర్తన కనిపించింది, అది పరిశీలనలో ఉంది" అని రాసి ఆపడానికీ చాలా తేడా ఉంది. ఈ రెండోది నిజాయితీగల దారి. కాకపోతే ఆ వాక్యం చదివిన ప్రతివారూ "ఏం కనిపించింది?" అని అడుగుతారు, అప్పుడు నోరు విప్పక తప్పదు.

గడువును రెండు వారాలు పొడిగించమని అడిగి, మూడు చిన్న ప్రయోగాలు చేసి, ఆ తర్వాత గైడు గారి దగ్గరికి వెళ్ళడం ఇంకో దారి. ఒక సీసాలో రేడియేషన్ జరుగుతున్నంతసేపూ ఆక్సిజన్ బుడగలు పంపాలి. ఒక జత సీసాల్లో ఫాస్ఫేట్, ట్రిస్ పక్కపక్కన పెట్టి, మిగతాదంతా ఒకేలా ఉంచాలి. మూడోది నేను పైన చెప్పిన కెటలేజ్, గ్వానిడిన్ మార్పులతో పాత డోసులే మళ్ళీ. ఫలితాలు నా లెక్కను సమర్థిస్తే మీరు ఆయన ముందు వాదించనక్కర్లేదు, కాగితం వాదిస్తుంది. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, ఎందుకు గడువు అడుగుతున్నారో చెప్పకుండా అడిగితే ఆయనకు అనుమానం వస్తుంది, యంత్రం దగ్గర మీ వంతు రెండు వారాల్లో వస్తుందో రాదో మీ చేతిలో లేదు. తనకు తెలియకుండా తన పాత ప్రయోగాన్ని పరీక్షకు పెట్టారని తర్వాత తెలిస్తే కొందరు గైడులు నొచ్చుకుంటారు. మీ ఉత్తరంలో ఆయన గురించి రాసిన తీరు చూస్తే, కోపిష్ఠి కంటే పాత నమ్మకం మీద ప్రేమ ఉన్న మనిషిలా కనబడ్డారు.

అందువల్ల నా మొగ్గు మూడో దారి వైపు, ఈ వారంలోనే ఆయన దగ్గరికి ఒకే ఒక కాగితం తీసుకుని వెళ్ళడం. ఆ కాగితం మీద మీ ఫలితాల కంటే ముందు ఆయన పాత ఫలితం ఉండాలి. "సర్, మీ ట్రిస్ సీసాలో హైడ్రాక్సిల్స్ ఎవరికి పోయాయో లెక్క వేశాను, ఒకసారి చూస్తారా?" అని మొదలుపెట్టండి. ఇరవై ఒకటిలో ఇరవై అన్న లెక్క ఆయనే వేసుకోగలరు, మీరు కలం ఇచ్చి కూర్చుంటే చాలు. ఆ తర్వాత నైట్రోజన్ సీసా, దాని తర్వాత ఆక్సిజన్ అయిపోవడం. "తప్పు" అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రావలసిన అవసరం లేదు, ఎందుకంటే ఆ పాత ప్రయోగం తప్పు కాదు, మీ ప్రయోగానికి దొరికిన అందమైన కంట్రోల్ అది. ఆయన ఒప్పుకుంటే పై మూడు ప్రయోగాలకు అనుమతి, యంత్రం దగ్గర వంతు రెండూ సులువవుతాయి. ఒప్పుకోకపోతే, "నివేదికలో ఈ రెండు చుక్కలు కారణం చెప్పకుండా ఉన్నవి ఉన్నట్టు ఉంచుతాను" అని అడగండి. పరిశీలనను పరిశీలనగా ఉంచడానికి చాలామంది గైడులు అభ్యంతరం చెప్పరు, కారణం దగ్గరే వారికి పట్టింపు.

ఆయన చుక్కలు ఉంచడానికి కూడా ససేమిరా అంటే అప్పుడు మాత్రం మీ పరిశోధన కమిటీలో ఎవరినైనా కలవాల్సి వస్తుంది. మొదటి అడుగుగా అది వద్దు. కమిటీ సభ్యుడి ద్వారా విన్న మాటను గైడు ఎప్పుడూ ఫిర్యాదుగానే వింటారు, రసాయన శాస్త్రంగా వినరు, ఆ తర్వాత మిగిలిన రెండేళ్ళు మీరు ఆ గదిలోనే పనిచేయాలి. వెళ్ళవలసి వస్తే వెళ్తున్నానని ఆయనకు ముందే చెప్పి వెళ్ళండి.

అంశం మార్చుకోవడం గురించి రాశారు. మూడో ఏట, చేతిలో ఇలాంటి గ్రాఫ్ ఉన్నప్పుడు, నేను దాని గురించి ఎక్కువ మాట్లాడను.

సీనియర్‌తో పోట్లాడకండి. గ్రాఫ్ నుంచి తప్పిన చుక్కను చూడగానే చెరిపే రబ్బరు వెతకడం చాలామంది చేసే పనే, చెడ్డ ఉద్దేశంతో కాదు. ఆక్సిజన్ లెక్క ఆయనకూ చూపించండి. బహుశా ఆయన పాత గ్రాఫుల్లో కూడా ఎక్కడో చెరిపిన చుక్కలు ఉండే ఉంటాయి, వాటి కోసం ఆయనే వెళ్ళి వెతుక్కుంటారు.

రేపు సీసాలు నింపేటప్పుడు పక్కన రాసుకోండి: సీసా ఘనపరిమాణం, పైన మిగిలిన గాలి ఖాళీ, మూత బిగించిన సమయం, రేడియేషన్ మొదలైన సమయం, కెటలేజ్ వేసిన సమయం. ఆక్సిజన్ పంపుతూ చేసిన సీసాలో 1000, 1500 గ్రేల దగ్గర థయాల్ మాయమైతే నేను పైన వేసిన లెక్క నిలబడినట్టే. అక్కడ కూడా అదే 4, అదే 15 కనిపిస్తే నా వివరణ తప్పు. అప్పుడు డైసల్ఫైడ్ గురించి ఆలోచించే ముందు ప్రోటీన్ లేని బఫర్‌ను అదే డోసులకు గురిచేసి ఎల్మన్ బ్లాంక్ చూడండి, ఆ తర్వాత యంత్రం డోసు కొలతను అడగండి.